దేవుడి పాటే, అయినా కాగితం ఉండాలి

"మన సంఘం పాటే కదమ్మా, అగ్రిమెంటు ఎందుకు?" క్రైస్తవ పాటల రంగంలో పనిచేసే ఆడవాళ్లకు ఈ మాట కొత్త కాదు. స్టూడియో బుక్ చేయడం, కీబోర్డు వాయించేవారికి డబ్బు సర్దడం, క్రిస్మస్‌కు ముందే పాట ఛానెల్‌లో పడేలా చూడడం చాలాచోట్ల వాళ్ల పనే. దానికి పేరు 'సేవ'. ఆ పనినే వృత్తిగా చేసుకోవాలనుకునేవారు విక్కీ మ్యాక్ లాటయాడ్ గురించి తెలుసుకోవాలి.

ఆమె 1993లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, భర్త క్లాడ్‌తో కలిసి గాస్పోసెంట్రిక్ అనే క్రైస్తవ పాటల కంపెనీ పెట్టారు. అదే ఏడాది విడుదల చేసిన గాయకుడు కిర్క్ ఫ్రాంక్లిన్ తొలి ఆల్బమ్ ప్లాటినం స్థాయికి, అంటే పది లక్షల ప్రతులకు చేరింది. 1997లో వచ్చిన ఫ్రాంక్లిన్ 'స్టాంప్' పాట చర్చి గోడలు దాటి ఎంటీవీలో మోగింది. ఆ పాట ఊపు ఫంకడెలిక్ బృందం 1978లో చేసిన డాన్సు పాటలోది. అందుకే 'స్టాంప్' రచయితల్లో ఆ బృందం నాయకుడు జార్జ్ క్లింటన్ పేరు కూడా ఉంటుంది. భక్తి పాటైనా, అరువు తెచ్చుకున్నది ఎవరిదో పేరు పెట్టి చెప్పుకుంది. మనం నేర్చుకోవలసింది ఇదే.

1. పాటను విడదీసి చూడండి. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు ఒకరిది, రికార్డింగు మరొకరిది కావచ్చు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు. రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది కాబట్టి ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ అదే కీర్తనను నిరుడు ఎవరో కొత్త సంగీతంతో రికార్డు చేస్తే, ఆ ట్రాక్ వాళ్లదే. డౌన్‌లోడ్ చేసుకుని దాని మీద పాడితే ఛానెల్‌కు కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు.

2. మందిరం వేరు, ఛానెల్ వేరు. ఆరాధనలో పాట పాడుకోవడానికి మన చట్టం మినహాయింపు ఇచ్చింది. దాన్ని యూట్యూబ్ దాకా సాగదీయకండి. అక్కడ పెట్టాలంటే హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

3. ఒప్పందంలో నాలుగు సంగతులు తప్పనిసరి: ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ దేశాల్లో, ఎంత డబ్బు. నోటిమాటగా ఇచ్చిన హక్కు చెల్లదు. గడువు రాయకపోతే ఐదేళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. డల్లాస్‌లో ఉన్న తెలుగు సంఘం కూడా మీ పాట వినాలనుకుంటే ఈ రెండు ఖాళీలూ వదలకండి. 2012 సవరణ తర్వాత రచయిత, బాణీకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసిచ్చేసినా అది చెల్లదు. మీరే రాసేవారైతే, బాణీ కట్టేవారైతే రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ నమోదు చేయించండి.

4. డబ్బు మాట స్టూడియోకు వెళ్లకముందే తేల్చండి. కానుకో, ఫీజో స్పష్టంగా చెప్పండి. ఇలా ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు: "అన్నా, రికార్డింగు శనివారం పదింటికి. మీ ఫీజు ఇంత, అడ్వాన్సు ఈరోజు వేస్తున్నా, మిగతాది మిక్సింగ్ అయ్యాక. పాట కింద మీ పేరు ఇలా వేస్తున్నాం, అక్షరాలు సరిచూడండి." ఇందులో మొహమాటమూ లేదు, అమర్యాదా లేదు. రేపు గొడవ వస్తే మీకు అదే ఆధారం.

5. చేతిలో ఉన్న ఉద్యోగాన్ని ఒక్క పాట హిట్టయిందని వదలకండి. ఇది సీజన్ వ్యాపారం. క్రిస్మస్, కొత్త సంవత్సరం, గుడ్ ఫ్రైడే దాటితే ఈ పాటల పని తగ్గిపోతుంది. ఏడాది పొడవునా వచ్చిందీ పోయిందీ విడి ఖాతాలో రాసుకుని, ఆ లెక్క చూశాకే నిర్ణయించుకోండి.

వచ్చే పాటకు స్టూడియో బుక్ చేసే ముందు ఒక తెల్లకాగితం తీయండి. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, డబ్బు పెట్టినవారు అని నాలుగు వరుసలు వేసి, ఎదురుగా సంతకాలు పెట్టించండి. కింద 'నిర్వహణ' అని ఐదో వరుస వేసి మీ పేరు రాయండి. అది మీరు రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.