కరెంటాఫీసు లెక్క అసెంబ్లీకి చేరే దారి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరమూ పల్లెలూ ఒక్కసారిగా చీకట్లో పడ్డాయి. వేల స్తంభాలు నేలకూలాయి. స్థానిక సిబ్బందికి తోడు బయటి జిల్లాల వాళ్లు కూడా వచ్చి రాత్రనకా పగలనకా తీగలు లాగారు. నాలుగేళ్ల తర్వాత తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను ఊడ్చేసినప్పుడూ అంతే. ఆ రోజుల్లో ఆ జిల్లా ఉద్దానం పల్లెల్లో జనం ఎవరి కోసమైనా కళ్లలో వత్తులేసుకుని చూశారంటే అది లైన్‌మన్ కోసమే.

ఆ లైన్‌మన్‌కు జీతమిచ్చే సంస్థ ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఉద్యోగులు ఈపీడీసీఎల్ అంటారు, ఊళ్లో కరెంటాఫీసు అంటారు. ప్రధాన కార్యాలయం విశాఖలో ఉంది. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి జిల్లాలు దాని పరిధి. అది రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ, అంటే మన సొత్తు. మన సొత్తు లెక్కను మన తరఫున అడగాల్సింది శాసనసభ. ఆ లెక్క ఏ నెలలో, ఏ కాగితంగా సభ దాకా వస్తుందో మెట్టు మెట్టుగా చూద్దాం. మీ ఎమ్మెల్యేను కలిసినప్పుడు ఏమడగాలో దీంతో తేలుతుంది.

ముందుగా హద్దు తెలియాలి

యూనిట్ ధర పెట్టేది అసెంబ్లీ కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. అదే ఏడాది ధరలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో పంపిణీ పని నాలుగు పంపిణీ సంస్థల (డిస్కంల) చేతికి వెళ్లింది. ధరలు రాజకీయ అవసరాల మీద కాక ఖర్చుల లెక్క మీద నిలబడాలన్నది అప్పటి ఆలోచన. ఆ సంవత్సరమే చార్జీలు పెరిగాయి. ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ధర నిర్ణయం మండలికి అప్పగించినా జవాబుదారీతనం మాత్రం ప్రభుత్వం మీదే, సభ మీదే ఉంటుందని ఆ రోజు రక్తంతో తేలింది. కాబట్టి ధర ఎంతో చెప్పడం సభ పని కాదు. ఆ ధర వెనక ప్రభుత్వం ఇచ్చిన మాట నిలబడిందా లేదా చూడటం సభ పని.

మొదటి మెట్టు: నవంబరు ఆఖరు

ఏప్రిల్ 1న మొదలయ్యే ఏడాదికి డిస్కం తన అంచనాను నవంబరు ఆఖరుకల్లా మండలికి ఇవ్వాలి. దాన్ని ఏఆర్‌ఆర్ అంటారు. ఏడాది నడవడానికి ఎంత రాబడి కావాలి, ఇప్పటి ధరలతో ఎంత వస్తుంది, లోటెంత అన్నదే అందులో సారం. ఖర్చులో అతి పెద్ద ముక్క కరెంటు కొనుగోలు. తర్వాత జీతాలు, వడ్డీలు, లైన్ల ఖర్చు.

ఇక్కడ అందరికంటే ముందు చదవాల్సింది వ్యవసాయ వినియోగం అంచనా. చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి, ఆ సగటుతో మొత్తం అంచనా కడతారు. ఆ అంచనా ఉబ్బితే దొంగ కరెంటూ, లైన్ల నష్టమూ అన్నీ రైతు ఖాతాలో కలిసిపోతాయి. రైతుకు చెడ్డపేరు, ఖజానాకు భారం, సంస్థ లోపానికి ముసుగు. ఈ ఒక్క అంకె మీద శీతాకాల సమావేశాల్లో ప్రశ్న పడితే ఏడాది లెక్క సరైన చోట మొదలవుతుంది.

రెండో మెట్టు: బహిరంగ విచారణ

మండలి పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరుతుంది. తర్వాత బహిరంగ విచారణ పెడుతుంది. రైతు సంఘాలు, చిన్న పరిశ్రమల వాళ్లు, మిల్లుల యజమానులు, వినియోగదారుల సంఘాలు వస్తారు. ఏళ్ల తరబడి పాత ఉత్తర్వులు భద్రపరచి, నిరుటి మాటను ఈ ఏటి అంకెతో పోల్చి నిలదీసే మామూలు మనుషులున్నారు. ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ కూడా వినియోగదారులే. వాళ్లూ రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, లేచి మాట్లాడవచ్చు. మీరు రాసేటప్పుడు 'చార్జీలు పెంచొద్దు' అని ఆగిపోకండి. ఏఆర్‌ఆర్‌లో ఏ పేజీ, ఏ పట్టిక, ఏ అంకె తప్పో రాయండి. అలా రాసిన దానికి డిస్కం జవాబివ్వాలి. ఆ ప్రశ్నా జవాబూ రెండూ ధరల ఉత్తర్వులో అచ్చవుతాయి. రేపు సభలో ప్రశ్న వేయడానికి అదే ఆధారం.

మూడో మెట్టు: సబ్సిడీ మాట

విచారణ అయ్యాక ప్రభుత్వ సాయం లేకుండా ఖర్చంతా రాబట్టాలంటే ఏ వర్గానికి ఎంత ధర పడుతుందో మండలి తేలుస్తుంది. అప్పుడు ప్రభుత్వం తన మాట చెబుతుంది. రైతుకు ఉచితం, ఆక్వా రైతుకు యూనిట్ రూపాయిన్నర, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు కొన్ని యూనిట్లు ఉచితం. వీటికి పడే లోటు మేం భరిస్తాం అంటుంది.

2025–26కు మండలి 2025 ఫిబ్రవరి 20న ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రంలోని మూడు డిస్కంలకు కలిపి కావలసిన రాబడి సుమారు 57,544 కోట్ల రూపాయలు. లోటు సుమారు 12,632 కోట్లు. ఆ లోటు ప్రభుత్వం భరిస్తానంది, చార్జీలు పెరగలేదు.

ఇక్కడ 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్‌ను ప్రతి ఎమ్మెల్యే కంఠతా పట్టాలి. సబ్సిడీ ఇవ్వాలనుకున్న ప్రభుత్వం ఆ డబ్బు ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే ప్రభుత్వ ఆదేశం చెల్లదు, మండలి పెట్టిన పూర్తి ధరే అమలవుతుంది. చట్టం ఇంత సూటిగా ఉంది.

నాలుగో మెట్టు: బడ్జెట్ పద్దు

అసలు పట్టు సభకు ఇక్కడ దొరుకుతుంది. 2025లో ఫిబ్రవరి 20న ధరల ఉత్తర్వు వస్తే, 28న బడ్జెట్ వచ్చింది. రెండింటి మధ్య ఎనిమిది రోజులు. ఒక చేత ఉత్తర్వు, ఇంకో చేత ఇంధన శాఖ డిమాండు పట్టుకుని రెండు అంకెలూ కలుస్తున్నాయో లేదో చూడటానికి ఆ సమయం చాలు. మండలి ముందు ఒప్పుకున్నంత సొమ్ము పద్దులో ఉందా? లేకపోతే మిగతాది ఎక్కడి నుంచి తెస్తారు? బడ్జెట్ మీద సాధారణ చర్చ రెండు సభల్లోనూ జరుగుతుంది, డిమాండ్ల మీద ఓటు మాత్రం అసెంబ్లీది. తేడా ఉంటే కోత తీర్మానం ఇవ్వవచ్చు. అది నెగ్గకపోవచ్చు. కానీ మంత్రి లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డులో ఉంటుంది.

ఐదో మెట్టు: మూడు నెలలకోసారి

పద్దులో రాసినంత మాత్రాన డబ్బు విశాఖ చేరదు. 2023లో కేంద్రం విద్యుత్ నియమాలను సవరించింది. ఎంత సబ్సిడీ కరెంటు ఇచ్చారు, ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్న నివేదిక ప్రతి మూడు నెలలకు సిద్ధం కావాలని అందులో ఉంది. ఆ కాగితం తెప్పించి చదవాలి.

ఎందుకంటే సబ్సిడీ ఆలస్యమైతే డిస్కం అప్పు తెస్తుంది. అప్పుకు వడ్డీ కడుతుంది. స్తంభాలకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ పోవాల్సిన డబ్బు వడ్డీకి పోతుంది. మరోపక్క కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడా ట్రూ-అప్ పేరుతో ఏడాదికో రెండేళ్లకో బిల్లులో ప్రత్యక్షమవుతుంది. 2024 చివర్లో మండలి 2022–23కు సుమారు 6,073 కోట్లు, 2023–24కు సుమారు 9,412 కోట్లు వసూలు చేసుకోవడానికి అనుమతించింది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టడమేమిటని జనం అడిగిన ప్రశ్న న్యాయమైనదే. 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు ఇలాంటి పాత బాకీలను 2024 ఏప్రిల్ నుంచి ఏడేళ్లలోగా తీర్చేయాలనీ, కొత్తవి ఏడాది రాబడి అవసరంలో 3 శాతం మించకూడదనీ చెప్పింది. బాకీ పేరుకునే నెలలోనే సభ అడిగితే ఆ భారం బిల్లు దాకా రాదు.

ఆరో మెట్టు: సభ ముందుంచే నివేదిక

డిస్కం కంపెనీ కాబట్టి కంపెనీల చట్టమూ దానికి వర్తిస్తుంది. ఆడిటర్‌ను కాగ్ నియమిస్తుంది, ఆపైన తానూ అదనపు పరిశీలన చేసి వ్యాఖ్యలు రాయవచ్చు. 395వ సెక్షన్ ప్రకారం కంపెనీ వార్షిక నివేదికను, ఆడిట్ నివేదికతో, కాగ్ వ్యాఖ్యలతో సహా శాసనసభ ముందుంచాలి. నియంత్రణ మండలి వార్షిక నివేదిక కూడా సభకు రావాలి.

సభ ముందుంచిన కాగితాల కట్టను చాలాసార్లు ఎవరూ విప్పరు. ఈ దారి మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. 2023 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీలో విద్యుత్ రంగంపై శ్వేతపత్రం పెట్టారు. అప్పులు 81,516 కోట్లనీ, డిస్కంల పోగైన నష్టాలు 62,461 కోట్లనీ అందులో ఉంది. రాష్ట్రం ఉలిక్కిపడింది. నిజానికి అంత నష్టం ఒక్క రాత్రిలో పోగవదు. ఏటేటా వార్షిక లెక్కల్లో కొంచెం కొంచెంగా కనిపిస్తూనే వస్తుంది. శ్వేతపత్రం ప్రభుత్వం మారినప్పుడు వస్తుంది. వార్షిక నివేదిక ఏటా వస్తుంది. రెండోదాన్ని చదివే సభకు మొదటిది పెద్దగా అవసరం రాదు.

ఏడో మెట్టు: కమిటీ గది

సభలో గొంతులు లేస్తాయి, టీవీలు చూపిస్తాయి. కమిటీ గదిలో కెమెరాలుండవు, అందుకే అక్కడ పని జరుగుతుంది. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ డిస్కం లెక్కలనూ, కాగ్ ఎత్తిచూపిన అంశాలనూ తీసుకుని అధికారులను పిలిపించి అడుగుతుంది. ఒక ఫీడరు పని ఎందుకు ఆలస్యమైంది, కొన్న పరికరం గోదాములో ఎందుకుంది వంటి ప్రశ్నలు పార్టీ రంగు లేకుండా అడగగలిగేది అక్కడే. కమిటీ సిఫార్సు చేస్తే శాఖ ఏం చేసిందో మళ్లీ చెప్పాలి. ఆ రెండో జవాబును వదలకుండా వెంటపడటమే కమిటీ బలం.

ఎనిమిదో మెట్టు: సంస్థ భవిష్యత్తు

చీల్చడం, కలపడం, ప్రైవేటుకివ్వడం అన్నీ ఈ మెట్టు మీదికే వస్తాయి. 1998 సంస్కరణ చట్టంగా వచ్చింది కాబట్టి సభలో చర్చ తప్పలేదు. కానీ 2003 చట్టం 131వ సెక్షన్ కింద ఆస్తులను ఒక సంస్థ నుంచి మరోదానికి మార్చే పథకాన్ని ప్రభుత్వం తానే ప్రకటించవచ్చు. అంటే సభ అడగకపోతే సభ చూడకుండానే పని అయిపోగలదు. పక్కనున్న ఒడిశా 1999లోనే పంపిణీని ప్రైవేటుకిచ్చింది. ఒక కంపెనీ రెండేళ్లకే తప్పుకుంది. మిగతా మూడింటి లైసెన్సులు 2015లో రద్దయ్యాయి. ఆ తర్వాత మరో ప్రైవేటు సంస్థ వచ్చింది. అది మంచికా చెడుకా అన్నది వేరే చర్చ. అంత పెద్ద మలుపుకు ముందు ఆస్తి విలువ, ఉద్యోగుల పింఛను, పల్లె లైన్ల బాధ్యత, తుపాను ఖర్చు ఎవరిదన్నది సభలో తేలాలి. విద్యుత్ ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి కేంద్ర చట్టం మీద కూడా సభ మాట చెప్పవచ్చు. 2020 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ విద్యుత్ సవరణ బిల్లుకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

అయితే ఆ రోజు సభ గట్టిగా మాట్లాడాలంటే కింది ఏడు మెట్లూ ఏటా ఎక్కి ఉండాలి. సబ్సిడీ బాకీలతో, వడ్డీలతో చితికిపోయిన సంస్థను అమ్మకానికి పెట్టినప్పుడు వద్దనడానికి సభ దగ్గర వాదన మిగలదు. ఆ బాకీలు పేరుకుంటుంటే చూస్తూ ఊరుకున్నది కూడా సభే.

వచ్చే మార్చిలో మీ ఎమ్మెల్యేకు ఒక్క ప్రశ్న రాసి ఇవ్వండి: 'మన డిస్కంకు నిరుడు మండలి ముందు ప్రభుత్వం ఒప్పుకున్న సబ్సిడీ ఎంత, ఇప్పటిదాకా నిజంగా చేరిందెంత?' జవాబులో రెండు అంకెలే ఉంటాయి. వాటి మధ్య తేడా ఎంతుంటే, తర్వాతి తుపానులో మన ఊరి స్తంభాలు లేవడం అంత ఆలస్యమవుతుంది.