ఆ పిల్లకు ఒక పని ఇవ్వు

చిన్నీ,

బాల్య వివాహాల మీద మీ మేడం గారి ప్రసంగం విన్నాను. దానికి నువ్వు చేస్తున్న బొమ్మల సినిమా కోసం గీసిన క్యారెక్టర్ షీటూ, స్టోరీబోర్డూ చూశాను. గీత బాగా కుదిరింది, చెయ్యి తిరిగింది. కానీ ఆ పిల్లను చూస్తే జాలి తప్ప ఇంకేమీ కలగలేదు. చిరిగిన పరికిణీ, రేగిన జుట్టు, కంట్లో నీటిబొట్టు. ఆరు నిమిషాల సినిమాలో మొదటి క్షణానికే ఏడుస్తున్న పిల్ల చివరిదాకా ఏం చేస్తుంది? ఇంకాస్త ఏడుస్తుంది, అంతే. పైగా సభకు తండ్రులతో పాటు ఆ వయసు ఆడపిల్లలూ వస్తారన్నావు. ఆ బొమ్మలో తమను చూసుకోవడానికి వాళ్లకు మనసొప్పుతుందా?

యానిమేటర్ రామ్ మోహన్ గారు రూపం దిద్దిన మీనాను మళ్లీ ఒకసారి చూడు. 1990ల్లో యునిసెఫ్ కోసం తయారైన కార్టూన్ పిల్ల. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్ నాలుగూ తమదనుకోవాలి కాబట్టి ఏ ఒక్క దేశానికీ చెందని బట్టలు వేశారు. గీసిన బొమ్మలను ఊళ్లలో జనానికి చూపించి, వాళ్ల మాట విని మార్చారు. కోళ్ల కథలో మీనాను బడికి పంపరు. తన చిలుక మిఠూను బడికి పంపి, అది విని వచ్చిన లెక్కలు నేర్చుకుంటుంది. కోళ్లను లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని కనిపెడుతుంది. దొంగ దొరుకుతాడు. ఆడపిల్లకు చదువెందుకన్న ఇంటికి జవాబు ఆ కోడే చెప్పింది. మీనాకు కావలసింది ఒకటుంది, దానికోసం చేసే పని ఒకటుంది. నీ పిల్లకు ఏం కావాలి? అది తేలేదాకా కళ్లు, జడలు దిద్దుతూ కూర్చోకు.

ఆ పిల్ల తండ్రినీ మార్చాలి. మీసాల రాక్షసుణ్ణి గీశావు. సభలో ఉన్న తండ్రులు వాణ్ణి చూసి, ‘మనం అలాంటివాళ్లం కాదులే’ అనుకుని హాయిగా ఇళ్లకు వెళ్లిపోతారు. కూతురికి స్వయంగా జడ వేసే మనిషిని గీయి. అప్పు కాగితం మడిచి జేబులో పెట్టుకునే మనిషిని, వయసు పెరిగితే కట్నం పెరుగుతుందని లోపల లెక్కలేసుకునే మనిషిని గీయి. అప్పుడు ఇబ్బందిగా కదులుతారు.

ఇంకొకటి. మేడం గారు ‘పెళ్లి’ అనగానే తాళి, ‘చదువు’ అనగానే పుస్తకం, ‘చట్టం’ అనగానే తక్కెడ చూపించావు. చెవికి అందినదాన్నే కంటికి మళ్లీ వడ్డిస్తే జనం ఆవలిస్తారు. 2006 చట్టం ప్రకారం పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలని ఆవిడ చెబుతున్నప్పుడు, మన పిల్ల స్టడీ సర్టిఫికెట్‌లో తన పుట్టినతేదీ మీద వేలు పెట్టి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకోనీ. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మాత్రం తెర నిండా, కదలకుండా పెట్టు. అక్కడ నీ కళ అక్కర్లేదు.

సెకనుకు 12 బొమ్మలు వేసుకున్నా ఆరు నిమిషాలకు 4,320. ఒక్కదానివే గీయలేవు, గీయక్కర్లేదు. కటౌట్ పద్ధతిలో చెయ్యి, తల, కనురెప్ప కదిలితే చాలాచోట్ల సరిపోతుంది. మన తోలుబొమ్మలు అలాగే శతాబ్దాల పాటు రామాయణమంతా నడిపాయి. మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించి పోయేవాళ్లు. మన కథలో నవ్వే చోటు ఒక్కటీ లేదు. అమ్మమ్మకో పక్కింటి పిల్లాడికో ఒకటివ్వు.

రంగులు వేయకముందే ఏదైనా సర్కారు బడిలో పిల్లలకు చూపించు. ‘బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటారు. ‘ఈ అమ్మాయి ఏ తరగతి? ఇంట్లో ఎవరెవరు ఉంటారు?’ అని అడుగు. టకటకా చెబితే బొమ్మ నిలబడినట్టే. తడుముకుంటే మళ్లీ గీయి.

ప్రసంగంలో ఒకచోట మేడం గారు మాట ఆపి ఊపిరి తీసుకున్నారు. అక్కడ వీణ మోగించావు, తీసెయ్యి. కొత్త స్టోరీబోర్డు పెన్సిల్‌తో ఉన్నా సరే పంపు.

మీ మామయ్య