ఎదుగుచున్న మెదడు, ఎదిగినట్లు కనబడు బిడ్డ

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో మనస్తత్వశాస్త్రము పాఠములో స్టాన్లీ హాల్ అను అమెరికా పండితుని పేరు తప్పక వచ్చేది. ఆయన 1904లో కౌమారదశను గూర్చి రెండు సంపుటముల గ్రంథము వ్రాసి, అది తుఫాను వంటి దశ అన్నారు. ఆ మాట పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాము. ఆ తుఫాను ఎందుకు పుట్టునో మాత్రము మాకెవరూ చెప్పలేదు. ఆరేళ్ళ బిడ్డ మెదడు పరిమాణములో పెద్దవారి మెదడుకు ఇంచుమించు సమానమగును గనుక, ఆ పిమ్మట అందులో పెద్ద మార్పేమీ ఉండదనియే చాలామంది తలంచేవారు.

ఎం.ఆర్.ఐ. యంత్రము వచ్చిన తరువాత ఈ తలంపు మారినది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ అను వైద్యుడు, ఆయన తోటివారు అదే పిల్లలను మరల మరల పిలిపించి, కొన్ని సంవత్సరముల పాటు వారి మెదళ్ళను చిత్రములు తీశారు. 1999లో ఫలితములు ప్రకటించారు. నుదుటి వెనుక భాగములోని బూడిదరంగు పదార్థము ఆడపిల్లలలో సుమారు 11, మగపిల్లలలో 12 ఏళ్ళ వరకు పెరిగి, ఆ తరువాత తగ్గుచు వచ్చినది. తగ్గుట నష్టము కాదు. మల్లెకు కొమ్మలు కత్తిరించినట్లు, వాడని కలయికలు తొలగి వాడినవి గట్టిపడుచున్నవి. కరెంటు తీగకు తొడుగు వేసినట్లు నరముల పోగులకు కొవ్వు తొడుగు కూడ ఏర్పడుచు, కబురు వేగముగా పోవుచున్నది. ఈ పని ఇరువది దాటిన తరువాత కూడ సాగును. అందరికంటె ఆలస్యముగా పూర్తియగునది ఈ నుదుటి వెనుక భాగమే. తొందరను ఆపుట, రేపటిని గూర్చి ఆలోచించుట దాని పని. కోపము, భయము, ఉత్సాహము, మెప్పుకోలు మీది ఆశ – వీటిని రేపు లోపలి భాగములు అంతకు ముందే యుక్తవయస్సుతో జోరందుకొనును. కోడెకు బలము వచ్చినది, ముకుతాడు ఇంకను పడలేదు.

అయితే పదహారేళ్ళవానికి బుద్ధి లేదని దీని అర్థము కాదు. ఇక్కడే మనము పొరబడుచున్నాము. 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనువారు 13–16 ఏళ్ళవారిని, 18–22 ఏళ్ళవారిని, 24 దాటినవారిని కంప్యూటరు మీద కారు నడుపు ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు మూడు గుంపులకు పెద్ద తేడా లేదు. స్నేహితులు ప్రక్కన ఉన్నప్పుడు మాత్రము చిన్నవారు ఇంచుమించు రెట్టింపు తెగింపు చూపారు. పెద్దవారిలో మార్పు రాలేదు. కాబట్టి మీ వరండాలో కూర్చొని “బండి మీద ముగ్గురము ఎక్కము అంకుల్” అని చెప్పిన అబ్బాయి అబద్ధమాడలేదు. చల్లని మనస్సుతో నిజమే చెప్పాడు. సాయంకాలము స్నేహితులు కేక వేసినప్పుడు పనిచేయునది వేరు. అతనికి మరల ఒక ఉపదేశము చేయుటకంటె తాళము మన జేబులో ఉంచుకొనుట మేలు. 2019 సవరణ చట్టము ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేస్తే తండ్రికో సంరక్షకునికో రూ.25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు కూడ ఉన్నవి.

నిద్ర సంగతి కూడ అటువంటిదే. ఈ వయస్సులో నిద్ర తెప్పించు మెలటోనిన్ రాత్రి ఆలస్యముగా ఊరును. కావలసిన నిద్ర మాత్రము ఎనిమిది మొదలు పది గంటలు. సెల్‌ఫోను వెలుగు దానికి తోడు. తెల్లవారుజామున అయిదుకు ట్యూషనుకు లేపి, లేవనివానిని సోమరి అనుట మేమును చేసిన పనియే.

అంతకంటె పెద్ద తప్పు ఒకటి చెప్పుకొనవలెను. మేమెరిగిన ఒక అబ్బాయి, పదహారేళ్ళు, బాగా పాడేవాడు, పాటలు మానేశాడు. స్నానము మాని, గది తలుపు వేసుకొని ఉండేవాడు. చెడు సావాసమనుకొని పెద్దలము నలుగురము వెళ్ళి గంటసేపు బుద్ధి చెప్పాము. తండ్రి కొట్టాడు. దయ్యము అన్నవారును ఉన్నారు. సంవత్సరము గడచిన తరువాత వైద్యుడు దానిని తీవ్రమైన కుంగుబాటు అన్నాడు. మందులతో, మాటలతో కోలుకున్న తరువాత ఆ అబ్బాయి మాతో అన్నాడు: “ఆ రోజు మీరందరూ చెప్పారు మాస్టారూ, నన్నెవరూ ఏమీ అడగలేదు.”

బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రములలో నిర్వహించిన సర్వేలో 13–17 ఏళ్ళవారిలో నూటికి 7.3 మందికి మానసిక రుగ్మత ఉన్నట్లు తేలినది. ఏబదిమంది ఉన్న తరగతిలో ముగ్గురో నలుగురో అన్నమాట. మెదడు ఇంతగా మారుచున్న కాలము గనుకనే పెక్కు మానసిక వ్యాధులు ఈ వయస్సులోనే తల చూపును. ఒకరోజు అలగడము, తలుపు విసిరి కొట్టడము వ్యాధి కాదు. రెండు వారములకు మించి దిగులు, తిండి నిద్రలు తప్పడము, ఇష్టమైనది మానడము, చావు మాటలు – వీటిని వయస్సు చేష్ట అని వదలరాదు. “చనిపోవాలని అనిపిస్తున్నదా?” అని నేరుగా అడగండి. అడిగినందున ఆ తలంపు పుట్టదు. ప్రార్థన చేయువారు వైద్యుని యొద్దకు కూడ తీసికొనిపోవలెను.

మన ఇండ్లలో మరియొక చిక్కు ఉన్నది. తల్లి తెలుగులో ఏడ్చును, బిడ్డ బడిలో కన్నడమో ఒడియానో తమిళమో మరాఠీయో మాటలాడి అందులోనే మనస్సు విప్పును. “తెలుగులో చెప్పరా” అని గద్దించి ఆ నోరు మూయకండి. 2022 అక్టోబరు నుండి ఉన్న ప్రభుత్వ టెలీ మానస్ ఫోను నంబరు 14416. రాత్రింబవళ్ళు ఉచితము, తెలుగుతో పాటు ఆ భాషలలో కూడ మాటలాడుదురు.

ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయులు మొదట పిల్లలను, రాత్రి ఎన్ని గంటలకు పడుకొన్నారో పేర్లు లేకుండ చీటీల మీద వ్రాయమనండి. ఆ చీటీలు తలిదండ్రుల కూడికలో చదవండి. పిల్లలను ఆ గదిలో ఉంచకండి.