భారమునకు ఆగిపోవు రౌటరు

గత వేసవిలో రాప్తాటిలోని మా యింటి రౌటరు ప్రతి సాయంకాలము ఆగిపోవుచుండెను. ఒకరిద్దరు వాడునప్పుడు దానికి ఏ లోపమును కానరాదు. పదవ తరగతి అనుబంధ పరీక్షలకు చదువుకొను ఎనమండుగురు బాలురు మా వసారాలో కూర్చుండి, తమ తమ ఫోనులలో గణిత పాఠముల వీడియోలు తెఱచిన కొలఁది నిమిషములకే అందఱి తెరలును నిలిచిపోవును. రెండు నిమిషములు వేచియుండినచో మరల వచ్చును, మరల పోవును. ఆ బాలురలో ఒకఁడు చలనచిత్రములు దింపుకొను అలవాటు కలవాఁడని మేమెఱుఁగుదుము. కావున ఏమియు పరీక్షింపకయే దోషమును వానిపై మోపి, కొన్నాళ్లు రావలదని పంపివేసితిమి. అతఁడు రాని మూడు సాయంకాలములును రౌటరు మునుపటివలెనే ఆగిపోయెను. అప్పుడుగాని మేము యంత్రమును విచారింప పూనుకొనలేదు. ఇంట ఇట్టి చిక్కు గల తలిదండ్రులకును, కారణము వెదకుట నేర్చుకొనవలసిన విద్యార్థులకును ఆ విచారణ క్రమమును తెలుపుచున్నాము.

మొదట తెలియవలసినది, నెమ్మదించుట వేఱు, ఆగిపోవుట వేఱు. 1986 అక్టోబరులో అమెరికా దేశమున లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకును నడుమ, దూరము నాలుగువందల గజములే యైనను, సమాచారము పోవు వేగము సెకనుకు 32,000 బిట్లనుండి 40 బిట్లకు పడిపోయెను. అచ్చట యంత్రమేదియు చెడలేదు. దారి ఇఱుకు కాఁగా, చేరని ప్యాకెట్లను కంప్యూటరులు మరల మరల పంపుటచే ఆ ఇఱుకు మఱింత పెరిగినది. వాన్ జేకబ్సన్ అను పండితుఁడు 1988లో దీని కారణమును, నివారణోపాయమును ప్రకటించెను. మీ యింట వీడియో తిరిగి తిరిగి ఎట్టకేలకు వచ్చుచున్నచో దారి ఇఱుకైనదని తలఁపవలెను. రౌటరును మార్చుటకు ఉరుకరాదు.

పూర్తిగా ఆగిపోయినప్పుడు చేయవలసిన పరీక్ష మిక్కిలి సులభము. రౌటరు అడుగున అంటించిన చీటిపై దాని చిరునామా యుండును. తఱచుగా అది 192.168.1.1 గాని, 192.168.0.1 గాని అగును. ఇంటర్నెట్టు పోయిన క్షణమున ఆ చిరునామాను బ్రౌజరులో వ్రాసి చూడుఁడు. రౌటరు పుట తెఱచుకొని, బయటి లోకము మాత్రము పలుకకున్నచో లోపము ప్రాయికముగా వీధిలోని తీఁగదో, దానిని నడపువారిదో. ఆ పుటయు తెఱచుకొనకున్నచో రౌటరునే విచారింపవలెను. అది తిరిగి లేచిన పిమ్మట అదే పుటలో అప్‌టైమ్ అనుచోట చూడుఁడు. యంత్రము మొదలిడి ఎంతసేపైనదో అచ్చట తెలియును. మా దానిలో మూడు నిమిషములని చూపెను. అనఁగా అది తికమకపడి నిలిచిపోవుట లేదు; ప్రాణము పోయి మరల పుట్టుచున్నది. ఈ భేదము మాకు చాల శ్రమ తప్పించినది.

తికమకపడి నిలిచిపోవుటకు ముఖ్య కారణము మెమరీ చాలకపోవుట. ఇంటిలోని ఫోనులన్నియు బయటికి ఒకే చిరునామాతో పోవును గనుక, ఏ సంబంధము ఏ ఫోనుదో రౌటరు ఒక పట్టికలో వ్రాసికొనుచుండును. చౌక దుకాణపు గుమాస్తా చేతి రిజిస్టరు నిండినచో క్రొత్తగా వచ్చినవాని పేరు వ్రాయలేఁడు గదా; ఇదియు నట్లే. అప్పుడు తెఱచియున్న వీడియో నడచుచుండును గాని క్రొత్త పుటలు తెఱచుకొనవు. అనేక రౌటరులు లినక్సు ఆధారముగా నడచును. స్థిరపడిన టీసీపీ సంబంధము మాటాడకున్నను దానిని అయిదు దినములు పట్టికలో నుంచుట లినక్సు స్వతస్సిద్ధ నియమము. తయారుచేయువారు తఱచు ఈ గడువును తగ్గింతురు. టొరెంటు మూలముగా దింపుకొనువారు ఒక్కసారిగా వందల సంబంధములు తెఱతురు. మేము ఆ బాలుని శంకించుటకు ఆధారము ఇంతమాత్రమే. గాని మా రౌటరు లక్షణము అది కాదు.

ప్రాణము పోయి పుట్టు యంత్రమున మొదట శంకింపవలసినవి వేఁడిమియు, విద్యుత్తును. రెంటిని ఒకేసారి సవరింపరాదు. సవరించినచో ఏది దోషమో ఎన్నటికిని తెలియదు. మా రౌటరు రేకుల కప్పు క్రింద బీరువాపై నుండెను. దుమ్ము పడకుండుటకు దానిపై పూలు కుట్టిన గుడ్డయు కప్పబడి యుండెను. ఇండ్లలో వాడు రౌటరులకు పరిసరపు వేఁడిమి 40 డిగ్రీలు మించరాదని తఱచు నిర్ణయింతురు. మన అనంతపురపు సీమలో మే నెలలో నీడనే అంతకు మించును. రేకుల క్రింద చెప్పనక్కఱలేదు. దానిని నడుమ గదిలోని రాతి గోడ గూటిలో పెట్టి గుడ్డ తీసివేసితిమి. సాయంకాలమునకు నాలుగు సారులు ఆగునది రెండు సారులకు దిగెను. కొంత మేలే గాని రోగము కుదురలేదు. తరువాత ఫర్మ్‌వేర్‌ను క్రొత్తదానికి మార్చితిమి, ఫలమేమియు లేదు.

అప్పుడు అడాప్టరును చేతఁ బట్టుకొంటిమి. అంతకు ముందటి యేడు ఉఱుముల వానకు తొలి అడాప్టరు కాలిపోఁగా అంగడిలో మఱొకటి కొంటిమి. మొన సరిపోయినది, 12 వోల్టులని వ్రాసియున్నది. అంతటితో తృప్తి పడితిమి. రౌటరు అడుగున 12 వోల్టులు, 1 ఆంపియరు అని యుండెను. అడాప్టరుపై ఆంపియరులో సగమే. అనఁగా 12 వాట్ల శక్తి ఇయ్యవలసినచోట 6 వాట్లు మాత్రమే ఇయ్యఁగలది. పాఠశాల మల్టీమీటరును తెచ్చి, అడాప్టరునుండి వచ్చు సన్నని తీఁగపై పొరను కొంచెము ఒలిచి కొలచితిమి. (గోడ ప్లగ్గు వైపున ఇట్టి పని ఎన్నఁడును చేయరాదు; ప్రాణాపాయము.) ఎవరును వాడనప్పుడు 11.8 వోల్టులు. ఎనిమిది ఫోనులలో వీడియోలు తెఱచినంతనే అంకె వణఁకుచు 10కి దిగెను. పిమ్మట దీపములన్నియు ఆరెను.

మన రైతు బిడ్డలకు దీనిని బోధింప నక్కఱలేదు. కరెంటు వచ్చినంతనే చుట్టుప్రక్కల బోరు మోటరులన్నియు ఒక్కసారి వేసినచో వోల్టేజి పడిపోయి స్టార్టరు ట్రిప్పగుట మీరు చూచినదే. రౌటరు ఎందఱికో పంపునప్పుడు ఎక్కువ కరెంటును లాగును. అడాప్టరు ఇయ్యలేకపోఁగా వోల్టేజి జాఱును. లోపలి ప్రాసెసరు నిలువలేక మొదటికి వచ్చును.

12 వోల్టులు, 1 ఆంపియరు గల అడాప్టరు తగిలించిన నాఁటనుండి ఒక్కసారియైనను ఆగలేదు. కొనఁబోవువారు గుర్తుంచుకొనుఁడు: ఆంపియరులు ఎక్కువైనను హాని లేదు, రౌటరు తనకు కావలసినంతే తీసికొనును, వోల్టులు మాత్రము సరిగా నుండవలెను, మొన యొక్క ధన ఋణములును కలియవలెను. సరియైన అడాప్టరు సైతము ఏండ్లు గడచిన కొలఁది బలహీనమగును. దానిలోని కెపాసిటరుల ద్రవము వేఁడిమికి ఎండును. పది డిగ్రీలు హెచ్చినచో వాని ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు.

మఱునాఁడు మేము ఆ బాలుని యింటికి పోతిమి. అతఁడు చేలో వేరుశనగ కట్టె పేర్చుచుండెను. జరిగినది చెప్పి, తప్పు మాదేయంటిమి. అతఁడు కొంతసేపు ఊరకుండి, “అయ్యవారూ, దీపాలన్నీ ఒకేసారి ఆరి వెలుగుతున్నాయని మొదటి రోజే చెప్పినాను గదా” అనెను. చెప్పినమాట నిజమే. అతనికి తప్పిన పాఠములు ఆఱు. వానిని తరువాతి రెండు శనివారములు మా వసారాలోనే అతనికి చెప్పితిమి.