నీళ్లు తేటగా ఉంటే చాలా?

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శామీర్‌పేట వైపు రోజువారీ అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లు బోలెడున్నాయి. చాలావాటికి స్విమ్మింగ్ పూలే ఆకర్షణ. ఓనరు సిటీలో ఉంటాడు, పూల్ చూసుకునేది వాచ్‌మన్. “అప్పుడప్పుడు క్లోరిన్ వెయ్యి” అంటే సరిపోదు. ఎంత వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో కూడా చెప్పాలి. మన ఫస్టియర్ కెమిస్ట్రీ పనికొచ్చేది ఇక్కడే.

ముందు లెక్క చూద్దాం. పూల్ పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, సగటు లోతు 1.25 అనుకోండి. అంటే 40 ఘనపు మీటర్లు, 40,000 లీటర్లు. ఒక పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము. కాబట్టి క్లోరిన్ ఒక పీపీఎం పెరగాలంటే 40 గ్రాములు కావాలి. 65 శాతం క్లోరిన్ ఉన్న కాల్షియం హైపోక్లోరైట్ గుళికలైతే దాదాపు 62 గ్రాములు. నీళ్లలో ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉండేలా చూసుకోవాలి. పిడికెడు, దోసెడు కొలతలు ఇక్కడ కుదరవు.

అసలు కిటుకు పీహెచ్‌లో ఉంది. క్లోరిన్ నీళ్లలో కలిస్తే హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది, క్రిముల్ని చంపేది ప్రధానంగా అదే. పీహెచ్ 7.2 దగ్గర మూడింట రెండొంతులు ఆ రూపంలో ఉంటే, 8 దగ్గర నాలుగో వంతే మిగులుతుంది. పైగా ఈ గుళికలకి క్షారగుణం ఉంది, వేసేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది. పీహెచ్ చూడకుండా క్లోరిన్ పెంచుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, పని తగ్గుతుంది. నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి!

ఇంకో అపోహ: ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని. చాలాసార్లు అది క్లోరమైన్ల వాసన. చెమట, మూత్రంలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిస్తే అవి పుడతాయి. కళ్లు మండేదీ వీటివల్లే. అందుకే పూల్‌లో దిగేముందు స్నానం తప్పనిసరి అని బోర్డు పెట్టాలి.

ఒక బ్యాచ్ వెళ్లి ఇంకోటి వచ్చేలోపు చేయాల్సినవి నేనైతే ఇలా రాసిస్తాను:

1. టెస్ట్ కిట్‌తో పీహెచ్, ఫ్రీ క్లోరిన్ చూసి నోటుబుక్కులో రాయాలి.
2. ముందు పీహెచ్‌ని 7.2–7.6కి తేవాలి, తర్వాతే క్లోరిన్. ఎండకి క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం వెయ్యాలి.
3. పంపు నడుస్తూ ఉండాలి. గంటకి 10,000 లీటర్ల పంపుకి ఈ పూల్ నీళ్లంత పరిమాణం తోడడానికే 4 గంటలు పడుతుంది.
4. పొద్దున మళ్లీ టెస్ట్ చేశాకే జనాన్ని దింపాలి.

వాచ్‌మన్ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటుంది. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకే బకెట్లో కలపకూడదు, పక్కపక్కన దాచకూడదు. కలిస్తే విషవాయువైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు. గ్లవ్స్, కళ్లద్దాలు ఓనరే కొనివ్వాలి.

చివరగా, పూల్ అడుగున ఉన్న డ్రెయిన్ మూత గట్టుమీంచి స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే మునిగినవాళ్లూ కనబడరు. మూత విరిగితే ఆ లాగుడుకి పిల్లల జుట్టు, చెయ్యి ఇరుక్కోవచ్చు. ఈ రెండిట్లో ఏది జరిగినా ఆ రోజు బుకింగ్ పోయినా సరే, పూల్‌కి తాళం వేయాల్సిందే. అద్దెకొచ్చినవాళ్లు నీళ్లని పరీక్షించుకుని దిగరు, మనల్ని నమ్మి దిగుతారు.