కొలామీ మీద పరిశోధనకు దారి

ప్రశ్న: మాది కరీంనగర్. ఎం.ఏ. తెలుగు చేశాను. ఆదిలాబాద్ కొలాముల భాష మీద పరిశోధన చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మంచి భాషను ఎంచుకున్నారమ్మా. ముందు భాషాశాస్త్రంలో శిక్షణ తీసుకోండి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో నెలకొల్పిన ఉస్మానియా భాషాశాస్త్ర విభాగం ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఆ చదువుంది. విన్న ధ్వనిని విన్నట్టు రాసుకోవడం సాహిత్యం చదివితే అబ్బదు, సాధన కావాలి.

తర్వాత కొలామీ మీద సేతుమాధవరావు వ్యాకరణం (1950), ఎమెనో పుస్తకం (1955) చదవండి. ఎమెనో ప్రధానంగా రాసింది మహారాష్ట్రలోని వార్ధా కొలామీ గురించి. ఆదిలాబాద్ గూడేల మాట మీరు విడిగా వినాల్సిందే. అలా వినేటప్పుడే అసలు చిక్కు ఎదురవుతుంది. కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండీ దక్షిణ మధ్య శాఖవి, కొలామీ మధ్య శాఖది. అంటే తెలుగుకు గోండీయే దగ్గరి చుట్టం. కొలామీలో తెలుగులా వినిపించే మాట ఎరువు తెచ్చుకున్నదా, మూలద్రావిడం నుంచి వచ్చిందా అని ప్రతిసారీ తేల్చుకోవాలి. నాకైతే అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

రికార్డరు తీసేముందు ఊరి పెద్దల అనుమతి అడగండి. చదువుకున్న కొలాం పిల్లలను సహ పరిశోధకులుగా కలుపుకోండి. అచ్చయ్యే వ్యాసం మీద వాళ్ల పేర్లూ ఉండాలి. రికార్డింగుల నకలు గూడెంలోనూ ఒకటి ఉంచి రండి.