మానుపసుపు నేర్పిన పాఠం

గురుకులంలో కషాయాలు కాచే రోజుల్లో నేనొకసారి మా గురువుగారిని అడిగాను: "మానుపసుపు గుణమంతా ఆ పసుపు రంగులోనే ఉన్నప్పుడు చెక్కంతా ఉడికించడం దేనికండీ?" "రంగు నీ కంటికి కనిపించింది గనుక అదే గుణమనుకున్నావు. కనిపించనిది ఏం చేస్తుందో తెలిసేదాకా ద్రవ్యాన్ని విడదీయకు" అన్నారాయన. ఆ మాటలోని అర్థం నాకు చాలా ఏళ్ల తరువాత ఒక పరిశోధనలో దొరికింది.

మానుపసుపు వంటింటి పసుపు కాదు, సంస్కృతంలో దారుహరిద్ర. దాని చెక్కకు రంగునిచ్చేది బెర్బెరిన్ అనే ఆల్కలాయిడ్. ఇది సూక్ష్మజీవి కణంలో చేరి దాని జీవక్రియను దెబ్బతీస్తుంది. అయితే చీము పట్టించే స్టెఫైలోకాకస్ బాక్టీరియా మీద ఒంటరిగా దీని బలం తక్కువ. ఆ బాక్టీరియా పొరలో ఒక ప్రోటీన్ ఉన్నది. పడవలోకి వచ్చిన నీటిని తోడిపోసినట్లు, అది బెర్బెరిన్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడివేస్తుంది.

2000లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇదే ప్రజాతికి చెందిన తమ దేశపు మొక్కలో మరొక పదార్థాన్ని గుర్తించారు. దానికి స్వయంగా బాక్టీరియాను అణచే శక్తి లేదు. కాని అది ఆ తోడివేతను ఆపుతుంది. అప్పుడు బెర్బెరిన్ లోపలే నిలిచి పనిచేస్తుంది. పూర్వం కుష్ఠు చికిత్సలో వాడిన చాల్మోగ్రా నూనెలోనూ ఆ పదార్థం స్వల్పంగా ఉన్నది. ఇది గాజుపాత్రలో తేలిన ఫలితమే గాని రోగి శరీరంలో కాదని పాఠకులు గమనించాలి.

బలమున్న ద్రవ్యం అపాయమూ చేయగలదు. ఒకనాడు ఒక నాయనమ్మగారు కామెర్లు కమ్మిన అయిదు రోజుల పసికందును తెచ్చి, "పసుపుకు పసుపే విరుగుడు కదా, రెండు చుక్కల మానుపసుపు కషాయం పోయమంటారా?" అని అడిగారు. వద్దమ్మా అని వారించి వెంటనే పిల్లల ఆసుపత్రికి పంపాను. రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చని పదార్థాన్ని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. బెర్బెరిన్ ఆ పట్టు సడలిస్తుంది. విడిపడిన బిలిరుబిన్ మెదడుకు చేరితే బిడ్డకు జీవితాంతం వైకల్యం మిగలవచ్చు. ఆ బిడ్డ నీలికాంతి చికిత్సతో కోలుకున్నది.

పెద్దలకు నోరు పూసినప్పుడు 10 గ్రాముల చెక్కను నలగ్గొట్టి, 160 మి.లీ. నీటిలో 40 మి.లీ. మిగిలేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించి ఉమ్మివేయవచ్చు. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు దీనిని లోపలికి ఇవ్వరాదు. జ్వరం, చీము ఉంటే వైద్యులు ఇచ్చిన యాంటీబయాటిక్‌ను మాని దీనిని నమ్ముకోవద్దు.